పెద్దదోణికి ఒక చెంబు నీళ్ళు

రోజు 2,311

మడుగు మట్టం తొమ్మిదడుగుల రెండంగుళాలు. చేపలు 412. సందర్శకులు 186. మునిగినవాళ్ళు లేరు. ఏడ్చినవాళ్ళు ముగ్గురు.

చివరి గడి నేను గీసుకున్నది. పై ఆఫీసు ఇచ్చిన రేవు పుస్తకంలో అది లేదు. ఇన్ని నీళ్ళు ఒక్కచోట మొదటిసారి చూసినవాళ్ళలో రోజుకు ఇద్దరో ముగ్గురో ఏడుస్తారు. మునగనివాళ్ళకు ఒక గడి ఇచ్చి ఏడ్చినవాళ్ళకు ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. ఈరోజు ఏడ్చినవాళ్ళలో ఒకాయన బస్సు డ్రైవరు. ఇసుక దారిలో ఐదు గంటలు ఒక్క మాట మాట్లాడకుండా నడిపాడట, రేవు కనబడగానే స్టీరింగు మీద తల పెట్టేశాడు.

పెద్దదోణి అంటే ఈ ఇసుక సీమకంతటికీ ఉన్న ఒకే ఒక్క చెరువు; రేవు పక్కనున్న దాని మూల మడుగు. దాన్ని చూడ్డానికి ఇంటికి ఏడాదికొక రోజు వంతు. పొద్దున వస్తారు, పడవెక్కుతారు, మడుగులో గాలం వేస్తారు, పట్టిన చేపను కొలిచి, దాని రెక్కకున్న బిళ్ళ మీద నంబరు నాకు చెప్పి, మళ్ళీ నీళ్ళలో వదులుతారు. మోకాళ్ళ దాకా దిగి ఆడుకుంటారు. పోయేముందు తడిసిన బట్టలన్నీ గట్టు మీద నిలబడి దోణిలోకే పిండుతారు. ఒక్క చుక్క బయటికి పోకూడదని నియమం. పిండేటప్పుడు మొగుడూ పెళ్ళాలు చీర చెరో కొస పట్టుకుని మెలితిప్పుతుంటే చూడాలి, ఏడాది తగాదాలన్నీ అక్కడే తీరతాయి.

ఈరోజు పదకొండు మంది ఏడో నంబరునే పట్టారు. అది జిలేబీ చేపల్లోకెల్లా ముసలిది, తిండిపోతు. గాలం చూస్తే చాలు, ఎదురొస్తుంది.

రోజు 2,314

మట్టం ఎనిమిదడుగుల పదంగుళాలు. చేపలు 409. ఏడ్చినవాళ్ళు ఇద్దరు.

మూడు చేపలు చచ్చి తేలాయి. సముద్రం నుంచి ఉప్పు తీసిన నీళ్ళు తెచ్చే గొట్టం మరమ్మతులో ఉంది, నెల దాకా నీళ్ళు రావు. మట్టం తగ్గేసరికి మడుగుకూ పెద్ద నీళ్ళకూ మధ్య ఉన్న మట్టికట్ట బయటపడింది. ఇప్పుడు మడుగు వేరు, దోణి వేరు.

ఇంకో ఇరవయ్యారు రోజుల్లో తనిఖీ ఉంది. దోణిలో మూడొందల చేపలుండాలి. తక్కువైతే ఇది విహారానికి పనికిరాదని తేల్చి, దోణి మొత్తం మీద నల్ల పలకలతో మూత వేస్తారు. మూత వేస్తే నీళ్ళు ఆవిరి కావు, అదొక లాభం. కానీ తర్వాత ఎవరూ చూడరు. నాలుగొందల పైచిలుకు ఉన్నాయి కాబట్టి నాకు భయం లేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

రోజు 2,317

మట్టం ఎనిమిదిన్నర. చేపలు 391.

చచ్చినవన్నీ మధ్యాహ్నాలే. ఎండకు అడుగుకు పోతాయి, పైకి వచ్చేటప్పటికి నోళ్ళు తెరుచుకుని వస్తాయి. నా అనుమానం ఉరుకుందన్న మోటారు పడవ మీద. ఆ మోటారు నా కన్నా పాతది. అన్న ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ పడవ నడుపుతున్నాడు, దాన్ని తుడవని రోజు లేదు. అయినా నూనె కారుతోందేమోనని అడిగాను.

"నూనె గారితే నీళ్ళ మింద రంగులు గనపడవా తిప్పక్కా? యాడన్నా గనపన్యాయా?" అన్నాడు.

కనపడలేదు. అయినా మోటారు విప్పించాను. ఇక నుంచి తెడ్లే. అన్న మారు మాట్లాడకుండా మోటారును గుడ్డలో చుట్టి షెడ్డులో పెట్టాడు. మధ్యాహ్నం నా సంగటి ముద్ద నా దగ్గరికి పంపించాడు, తాను వచ్చి పక్కన కూర్చోలేదు.

రోజు 2,320

చేపలు 374. సందర్శకులు 191. ఏడ్చినవాళ్ళు ఒకరు.

తెడ్లు వచ్చి మూడు రోజులైంది. చావులు ఆగలేదు. అన్న నాతో మాట్లాడ్డం లేదు.

చెంబుల ఆచారం గురించి పుస్తకంలో ఎక్కడా రాయలేదని ఇప్పుడే గమనించాను. కొత్తగా వచ్చే అధికారికి తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మూడేళ్ళ కిందట ఇసుకకొట్టాల ఊరి నుంచి సుంకమ్మవ్వ అనే ఆమె వచ్చింది. రేవు మెట్ల మీద కూర్చుని, కొంగులోంచి చెంబు తీసి, తన ఇంటి వంతు నీళ్ళు మడుగులో పోసింది. ఎందుకవ్వా అని అడిగితే, "పెద్దోల్లింటికి ఒట్టి చేతుల్తో వస్తామా మ్మే?" అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, రేవు బోర్డు మీద ఆమె పేరు పెద్ద అక్షరాలతో రాశాను. మర్నాడు వచ్చినవాళ్ళు బోర్డు చదివారు. ఆ తర్వాత వారం తిరిగేసరికి చెంబు లేకుండా బస్సు దిగినవాళ్ళు లేరు, ఆ వారం పోసినవాళ్ళ పేర్లూ కింద చేర్చాను. మనిషికి రోజుకు ఆరు చెంబులే వంతు, అందులో ఒకటి దోణికి తెస్తారు.

ఇంటి నీళ్ళు నీలంగా ఉంటాయి కదా. దోణి నీళ్ళకు రంగుండదు. దాన్ని చూసి జనం జాలిపడతారు. ఈరోజు ఒకావిడ, "పాపం, ఎంత పల్చగున్నాయో సూడు. బలం ల్యాదు" అని ఇంకో చెంబు కూడా వంచింది.

ఆ మాటతో నాకు ఆలోచన వచ్చింది. చేపలకు బలం చాలడం లేదేమో. గొట్టం బాగయ్యేదాకా మనిషికి రెండు చెంబులు తెమ్మని రేడియోలో చెప్పించాను.

రోజు 2,324

చేపలు 347. సందర్శకులు 188. చెంబులు 402.

రెండు అడిగితే కొందరు మూడు తెచ్చారు. ఒక ఇంట్లో ముసలాయన తన పూట నీళ్ళు మానేసి పంపించాడట. మనుషులు ఇంత మంచివాళ్ళని తెలిసినప్పుడు నాకు చిరాకేస్తుంది, ఎందుకో చెప్పలేను. మెట్ల దగ్గర నీళ్ళు కొంచెం నీలంగా కనిపించాయి. బాగుంది అనుకున్నాను.

రోజు 2,327

చేపలు 312.

మూడు రోజుల్లో ముప్పయ్యైదు. తనిఖీకి పదమూడు రోజులుంది. ఈ లెక్కన అప్పటికి సగమే మిగులుతాయి. భయంగా ఉంది. ఈ పుస్తకంలో అలాంటి మాట రాయకూడదు, రాశాను.

రోజు 2,328

చేపలు 306. మట్టం ఏడడుగుల పదకొండంగుళాలు.

పొద్దున పదింటికి ఏడో నంబరు మెట్ల పక్కన ఒరిగి తేలింది. ఇంకా ప్రాణముంది. దాన్ని ఎత్తి తొట్టిలో వేశాను. తొట్టిలో ఏ నీళ్ళు పోయాలి? నా దగ్గర ఉన్న మంచి నీళ్ళు నా వంతు ఆరు చెంబులే. ఆరూ పోశాను. ఈరోజు దాహంతో ఉంటే ఉంటాను, ఏడో నంబరు బతకాలి అనుకున్నాను.

పడవ పక్కన ఇంకో చేప తేలితే ఉరుకుందన్న దాన్ని పట్టి, కట్ట అవతల పెద్ద నీళ్ళలోంచి బకెట్టుతో ముంచి, అందులో వేశాడు. అది ఓ చిన్న చేప, నూటతొంభై మూడో నంబరు.

పదింపావుకు ఏడో నంబరు నోరు తెరిచింది. పదిన్నరకు మొప్పలు కొట్టుకోవడం ఆగింది. నేను తొట్టి పక్కనే ఉన్నాను. బకెట్టులో నూటతొంభై మూడు మాత్రం అరగంటకు నిక్కి ఈదింది, గంటకు అన్న వేసిన సంగటి మెతుకు తింది.

పదకొండు రోజుల తర్వాత అన్న నోరు విప్పాడు. "నువ్వేం పోసినావు తిప్పక్కా?"

"నా తాగే నీళ్ళు పోశానన్నా."

ఇద్దరం తొట్టి వైపు చూశాం. నీళ్ళు నీలంగా ఉన్నాయి.

రేవు ఆఫీసు గోడకున్న కుళాయి మీద రేకు పలక ఉంటుంది. అందరి ఇళ్ళలోనూ ఉంటుంది, పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం, ఎవరూ చదవం. ఈరోజు చదివాను. ఇందులో ధూళిమందు కలిసి ఉన్నది, ఇది ఊపిరితిత్తుల లోపల పూతగా ఏర్పడి ఇసుక ధూళి నుంచి కాపాడును, అని ఉంది. మనకు లోపల పూత పడితే ఊపిరి నిలుస్తుంది. చేపకు మొప్పల మీద పూత పడితే ఊపిరి ఆగుతుంది. నీళ్ళు ఆవిరై పోతాయి, మందు పోదు. మూడేళ్ళుగా అది అడుగుకు దిగుతోంది, కట్ట బయటపడ్డాక పెద్ద నీళ్ళతో కలిసి పల్చబడే దారి కూడా లేదు. నేనేమో రెండు చెంబులు తెమ్మన్నాను.

ఏడో నంబరును నేనే చంపాను. మిగతావాటిని కూడా నేనే చంపాను, జనం చేతులతో.

అన్న దగ్గరకు వెళ్ళి, "మోటారు తప్పు కాదన్నా, తప్పు నాది. నిన్ను అవమానించాను, క్షమించు," అన్నాను.

"మోటారుకు జెప్పు ఆ మాట," అని లేచి షెడ్డులోకి పోయాడు. కాసేపటికి లోపలినుంచి ఇంజను చప్పుడు వినిపించింది.

రోజు 2,329

చేపలు 303. సందర్శకులు 179. ఏడ్చినవాళ్ళు రాయడం కుదరలేదు.

ఈరోజు వంతు ఇసుకకొట్టాలది. అంటే సుంకమ్మవ్వ వస్తుంది. పొద్దున్నే రేడియోలో చెంబులు తేవద్దని చెప్పించాను గానీ అప్పటికే బస్సులు బయల్దేరిపోయాయి.

బస్సు ఆగగానే మెట్లకు అడ్డంగా తాడు కట్టి నిలబడ్డాను. అందరి చేతుల్లోనూ చెంబులు. ముందు అవ్వే దిగింది. ఏడాదిలో ఇంకొంచెం వంగింది. రెండు చేతుల్లో రెండు చెంబులు, నేను అడిగానని.

ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్నాను. తీరా నోరు తెరిచేసరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవ్వా, ఇంటి నీళ్ళు పడితే చేపలు చస్తున్నాయి, మూడేళ్ళుగా మనం పోసిందే చంపింది, ఇంక పోయొద్దు అని.

వెనక జనం గుసగుసలాడారు. అవ్వ తన చెంబుల వైపు చూసుకుంది. "మొదుట పోసింది నేనే గదా?" అంది.

"అవునవ్వా."

"మా ఆయప్ప పోయిన పొద్దు ఆయన వంతు నీల్లు ఒక చెంబు మిగిలిపోయ. తాగబుద్ది గాలే. పారబోస్తే పాపమాయ. ఆయప్పకు పెద్దదోణి ఇంగోసారి సూడాలని శానా ఉండె, ఆ యేటి వంతు రాకముందే పోయ. అందుకని ఆ చెంబు తెచ్చి ఈడ పోసినా. ఆయన్ని దించినట్టుంటాదని." ఆగి, "అదీ సంపెనా?" అంది.

అవ్వ మొగుడి సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేను ఆమె మాట ఒక్కటే విని బోర్డు మీదికెక్కించాను. ఒక్క చెంబుతో ఏమీ కాదవ్వా, తర్వాత వేలమంది పోయించింది నేను, అన్నాను. అది నిజం కూడా.

"మనకు మంచియేనా ఈ నీల్లు?"

"మనకు మంచివే."

"అయితే వాపస్ తీసకపోను. తెచ్చినాక తెచ్చినట్టే. దోణి తరపున నువ్వు తాగు."

నిన్న ఆరు చెంబులూ తొట్టిలో పోసినదాన్ని, ఈరోజు వంతు ఇంకా రాలేదు. గొంతు ఎండిపోయి ఉంది. అక్కడే గటగటా తాగాను. ఇంకొకరి ఇంటి నీళ్ళు తాగడం నా జన్మలో ఇదే మొదలు. ఎవరి వంతు వాళ్ళది, ఒకరి చెంబు ఒకరు ముట్టరు కదా. అవ్వ ఇంటి నీళ్ళలో కట్టెపొగ వాసన ఉంది, కొంచెం ఇంగువ కూడా. రెండో చెంబు ఉరుకుందన్నకిచ్చింది.

దాంతో జనానికి దారి దొరికింది. ఒక ఇంటి చెంబు ఇంకో ఇంటివాళ్ళకిచ్చారు. మొదట సిగ్గుపడ్డారు, తర్వాత మీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఒకరూ, మీవి తుప్పు వాసనని ఒకరూ మొదలుపెట్టారు. వియ్యంకులు కూడా అంత మొహమాటం లేకుండా మాట్లాడుకోరు.

అందరి చేతుల్లో ఖాళీ చెంబులు మిగిలాయి. ఉరుకుందన్న కట్టెక్కి కేకేశాడు. "చెంబులున్నాయి గదా! చేపల్ని ఈ పక్క నుంచి ఆ పక్కకి మోయండప్పా!"

నేను వలతో తీయడం, వాళ్ళు పెద్ద నీళ్ళు ముంచిన చెంబుల్లో చేపను తలకిందులుగా దించి, తోక బయటికి కొట్టుకుంటుంటే అరచేత్తో మూసి, కట్ట మీద పరుగెత్తడం. పెద్దవాటికి బకెట్లు. పడవ ఎక్కాల్సినవాళ్ళు ఎక్కలేదు, గాలం వేయాల్సినవాళ్ళు వేయలేదు. ఏడాదికొక్క రోజు వంతు అలా అయిపోయింది, ఒక్కరూ అడగలేదు. అవ్వ కట్ట మధ్యలో కూర్చుని దాటిన ప్రతి చెంబునూ లెక్కపెట్టింది. సాయంత్రానికి రెండొందల తొంభై ఆరు చేపలు దాటాయి. ఏడు దారిలోనే పోయాయి.

బట్టలు ఎవరివీ పెద్దగా తడవలేదు. అయినా అలవాటు చొప్పున అందరూ గట్టు మీద నిలబడి పిండారు.

రోజు 2,340

చేపలు 291. తనిఖీ.

దాటించినవాటిలో ఐదు నిలవలేదు. నాలుగు రోజులుగా చావులు లేవు. అయినా తొమ్మిది తక్కువే.

తనిఖీ అధికారి పేరు ఫణిభూషణ్, కోస్తా నుంచి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాల నిండా ఇసుక. బస్సు దిగేటప్పుడు ఆయన చేతిలో ఒక చెంబు ఉంది. చూడగానే పరిగెత్తుకుంటూ పోయి ఆ చెంబు మీద చెయ్యి పెట్టాను.

"మీ పద్ధతి కదండీ," అన్నాడు కంగారుగా. "ఒట్టి చేతులతో రాకూడదని విన్నాను."

లెక్క ముందు ఉరుకుందన్న నన్ను పక్కకు పిలిచాడు. చచ్చినవి తొమ్మిది ఉప్పులో పెట్టి ఉంచాడట, వలలో కలిపేద్దామన్నాడు. వద్దన్నాను. నేను రాసే పుస్తకంలో ఏడ్చినవాళ్ళు కూడా ఎప్పుడూ ఒక్కరు ఎక్కువ లేరు.

అధికారి స్వయంగా వలేసి లెక్కపెట్టాడు. 291. కారణమేమిటని అడిగాడు. ఆయన కాగితంలో కారణానికి నాలుగు గడులున్నాయి: ఎండ, వ్యాధి, దొంగతనం, సిబ్బంది నిర్లక్ష్యం.

"నాలుగూ కాదు. మర్యాద అని రాయండి," అన్నాను.

జరిగిందంతా చెప్పాను, రెండు చెంబులు తెమ్మన్నదీ చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టాడు. చెంబు ఇంకా చేతిలోనే ఉంది. పోయడానికి లేదు, వెనక్కి తీసుకుపోవడానికి ఆయనకూ మనసొప్పలేదు. చివరికి నాకిచ్చాడు. తాగాను. కోస్తా నీళ్ళు కొంచెం జిగటగా ఉంటాయి. బాగున్నాయని అబద్ధం చెప్పాను.

"నియమం ప్రకారం మూత వేయాలండీ," అన్నాడు. "కానీ నియమంలో చేపలు చావడానికి కారణం ఇంకా ఉంటేనే అని ఉంది. కారణం పోతే తొంభై రోజులు గడువివ్వొచ్చు. సందర్శకులు ఉండరు. తర్వాత నేనే వచ్చి లెక్కపెడతాను. అప్పుడు ఒక్కటి తక్కువైనా మూతే."

మరి మడుగులో నీళ్ళేం చేయాలని అడిగాను. చేపలకు పనికిరావు, మనుషులకు మందు కలిసిన నీళ్ళే. ఆయన కుళాయి పలక మళ్ళీ చదివి, "ఇవి తాగే నీళ్ళేనండీ. ఊళ్ళకు వంతుల్లో పంపేద్దాం," అన్నాడు.

రోజు 2,352

సందర్శకులు లేరు.

మడుగు ఎండింది. ఆఖరి ట్యాంకరు ఇసుకకొట్టాల వైపు పోయింది. అడుగున నీలం బురద. తొంభై రోజులు మాట్లాడ్డానికి ఉరుకుందన్న ఒక్కడే ఉంటాడు, అతను మోటారుతో మాట్లాడతాడు. బోర్డు మీద పేర్లన్నీ తుడిచేద్దామని గుడ్డ తీసుకున్నాను. మొదటి పేరు దగ్గరే ఆగిపోయాను. గుడ్డ మళ్ళీ లోపల పెట్టాను.

రోజు 2,430

చేపలు 338, పిల్లలతో కలిపి. ఫణిభూషణ్ రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండోసారి 338 వచ్చాక నవ్వాడు. ఈసారి ఆయన చేతులు ఖాళీ.

మూత లేదు. ఎల్లుండి నుంచి వంతులు మొదలు. చేపలు మోసిన ఆ రోజు పడవ ఎక్కనివాళ్ళకు మొదటి వంతు ఇమ్మని అడిగాను, ఒప్పుకున్నాడు.

రోజు 2,432

సందర్శకులు 176. మునిగినవాళ్ళు లేరు.

ఇసుకకొట్టాల బస్సు. ఒక్కరి చేతిలోనూ చెంబు లేదు. ఒట్టి చేతులతో ఎలా దిగాలో తెలియక, కొందరు చేతులు కట్టుకున్నారు, కొందరు కొంగులో దాచుకున్నారు. సుంకమ్మవ్వ మాత్రం రెండు అరచేతులూ నాకు చూపించింది. తప్పు చేసినట్టు కాదు, చూడు అన్నట్టు.

పడవలో తనే ముందు కూర్చుంది. ఉరుకుందన్న మోటారు తిప్పాడు. నేను కూడా ఎక్కాను, ఎప్పుడూ ఎక్కను. నీళ్ళ మధ్యకు పోయాక అవ్వ చెయ్యి నీళ్ళలో పెట్టి, చాలా దూరం అలాగే ఉంచింది.

"మీ ట్యాంకరు నీల్లు మా ఊరికి వచ్చె మ్మే," అంది. "బురద వాసన, చేపల వాసన. మా కోడలు మూతి తిప్పుకున్య. నేను మాత్రం ఒక చుక్క పారబోయకుండా తాగినా, వారం దినాలు. ఆయప్ప చెంబు గూడా అందులోనే గదా ఉండేది. ఆ పొద్దు తాగలేకపోతిని. ఇప్పుడు తాగినా."

అవ్వ చెయ్యి బయటికి తీసి, చుక్కలన్నీ దోణిలోకి విదిలించింది, తర్వాత తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

ఏడ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు బస్సు డ్రైవరు, మళ్ళీ ఆయనే. రెండో పేరు రాయను.